పుట్టినరోజు తెలియని మహనీయుడు

ఏ మనిషినైనా నీవెవరివని అడిగితే ముందుగా తన పేరు చెబుతాడు. ఆ తరువాత ఇంటిపేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, పుట్టిన తేదీ చెబుతాడు. ఇవి ఎవరూ శ్రమించి సంపాదించుకొనేవి కావు. పుట్టుకతోనే అయాచితంగా లభించేవి. అందుచేతనే వాటి విలువ సామాన్యంగా ఎవరి దృష్టికీ రాదు. కళాశాలలో చేరేనాడు విద్యార్థి దరఖాస్తులో ఈ వివరాలన్నీ ఒక్క నిమిషంలో నింపివేస్తాడు. ఆ గడులను నింపడానికి ఒక మహావక్తకు, మహారచయితకు డెబ్బై ఏడేళ్ల జీవితకాలం చాలలేదు. తండ్రి ఎవరో ఆయనకు నిశ్చయంగా తెలియదు. తల్లి ముఖం చూసింది నాలుగైదుసార్లు మాత్రమే. పుట్టిన తేదీ చివరిదాకా తెలియలేదు. ఇంటిపేరు తాను ఎంచుకొన్నది. ఆయనే పందొమ్మిదో శతాబ్దపు అమెరికాలో బానిసత్వ నిర్మూలనకు జీవితాన్ని అంకితం చేసిన ఫ్రెడరిక్ డగ్లస్.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మేరీలాండ్ అనే రాష్ట్రం ఉంది. చీసపీక్ అఖాతానికి తూర్పున ఉన్న టాల్బట్ కౌంటీలో, టకహో అనే ఏటి ఒడ్డున డగ్లస్ జన్మించాడు. తల్లి హ్యారియట్ బెయిలీ. ఆమె పొలంలో పనిచేసే బానిస స్త్రీ. బిడ్డకు ఫ్రెడరిక్ అగస్టస్ వాషింగ్టన్ బెయిలీ అని నిండైన పేరు పెట్టుకొన్నది. అయితే పేరు పెట్టుకొనే భాగ్యమే గాని, పెంచుకొనే భాగ్యం ఆమెకు లేకపోయింది. పసివాడిని అమ్మమ్మ దగ్గర వదిలి, సుమారు పన్నెండు మైళ్ల దూరంలోని పొలానికి పనికి వెళ్లవలసి వచ్చింది. పాలు మరవని పిల్లలను తల్లుల నుండి వేరుచేయడం ఆ ప్రాంతపు యజమానులకు పరిపాటి. తండ్రి శ్వేతజాతీయుడని, బహుశా యజమానే కావచ్చునని లోకులు చెప్పుకొనేవారు. ఆ మాట నిజమో కాదో నిర్ధారించుకొనే మార్గం డగ్లస్‌కు ఎన్నడూ దొరకలేదు.

అమ్మమ్మ బెట్సీ బెయిలీ, తాత ఐజాక్ బెయిలీ. ఐజాక్ బానిస కాడు, స్వతంత్రుడు. కలప కోసి జీవించేవాడు. అయినా ఆయన బిడ్డలు, మనుమలు అందరూ బానిసలే. తల్లి బానిస అయితే బిడ్డ కూడా బానిసే అవుతాడనే నియమం అక్కడి చట్టంలో ఉండడమే ఇందుకు కారణం. ఈ నియమం యజమానులకు రెండు విధాల లాభించింది. బానిస స్త్రీకి పుట్టే ప్రతి బిడ్డా వారి ఆస్తికి చేర్పు అయ్యేది. యజమాని వల్లనే ఆ బిడ్డ పుట్టినా తండ్రి అనే బాధ్యత అతనికి అంటేది కాదు. బెట్సీ చేపల వలలు అల్లడంలో నేర్పరి. చిలగడదుంపల నాటు వేయడంలో ఆమెది మంచి హస్తవాసి అని చుట్టుపక్కలవారు ఆమెను పిలిపించుకొనేవారు. అటువంటి అమ్మమ్మ చేతిలో, మట్టినేల గుడిసెలో, తాను బానిసనన్న సంగతి తెలియకుండానే బాలుని మొదటి ఆరేళ్లు గడిచిపోయాయి.

ఆరో ఏట ఒకనాడు అమ్మమ్మ మనుమణ్ణి వెంటబెట్టుకొని పన్నెండు మైళ్లు నడిచింది. అలసినప్పుడు బాలుణ్ణి భుజానికెత్తుకొన్నది. వారు చేరినది ఎడ్వర్డ్ లాయిడ్ అనే సంపన్నుని విశాలమైన క్షేత్రం. ఆ క్షేత్రానికి ముఖ్య పర్యవేక్షకుడైన ఆరన్ ఆంథొనీయే బెయిలీ కుటుంబానికి యజమాని. అక్కడ ఆడుకొంటున్న పిల్లలలో ముగ్గురిని చూపి, వారు నీ అన్న పెర్రీ, నీ అక్కలు శారా, ఎలైజా అని అమ్మమ్మ చెప్పింది. వారితో కలిసి ఆడుకొమ్మని పంపి, బాలుడు చూడకుండా వెనుదిరిగింది. అమ్మమ్మ వెళ్లిపోయిందని తెలిసినప్పుడు బాలుడు నేలపై పడి ఏడ్చాడు. అన్న, అక్కలు అని విన్నాడే గాని, ఆ బంధుత్వపు రుచి ఆ పసివాడికి తెలియదు. ఒకే తల్లి బిడ్డలను పరాయివారిని చేయగలిగిన వ్యవస్థ ఎంత క్రూరమైనదో డగ్లస్‌కు తెలియజెప్పిన మొదటి పాఠం అది.

ఆ క్షేత్రంలో వంటశాల పెత్తనం కేటీ అనే స్త్రీది. ఆమెకు కోపం వస్తే పిల్లవాడికి ఆహారం ఉండేది కాదు. అలా పస్తున్న ఒక రాత్రి తల్లి హ్యారియట్ అనుకోకుండా వచ్చింది. బిడ్డ ఆకలి సంగతి విని కేటీని గట్టిగా మందలించింది. హృదయాకారంలో చేసిన అల్లపు కేకు కొడుకు చేతిలో పెట్టి ఒడిలో కూర్చోబెట్టుకొన్నది. ఆ క్షణాన తాను అనాథను కానని బాలునికి తోచింది. ఆ ఒడిలోనే అతడు నిద్రపోయాడు. తెల్లవారి మేల్కొనేసరికి తల్లి లేదు. సూర్యోదయానికి ఆమె పొలంలో ఉండాలి, లేకపోతే కొరడా దెబ్బలు తప్పవు. పగలంతా చాకిరీ చేసి, రాత్రివేళ పన్నెండు మైళ్లు నడిచి వచ్చి, తిరిగి అంతదూరం నడిచి వెళ్లిన తల్లి ఆమె. మరికొంత కాలానికే ఆమె మరణించింది. చివరి చూపుకు గాని, అంత్యక్రియలకు గాని కుమారుణ్ణి వెళ్లనివ్వలేదు.

తల్లిని గురించిన ఒక విశేషం ఆమె మరణానంతరం డగ్లస్‌కు తెలిసింది. టకహో ప్రాంతంలోని నల్లజాతీయులందరిలో చదవడం వచ్చినది ఆమె ఒక్కతేనట. పొలం పనిచేసే బానిస స్త్రీ అక్షరాలు ఎలా నేర్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. తనకు అబ్బిన అక్షరాసక్తి తల్లి నుండి సంక్రమించినదేనని డగ్లస్ జీవితాంతం సగర్వంగా తలచుకొన్నాడు. తల్లికి చిత్రపటం లేదు. పెద్దవాడైన తరువాత మానవజాతుల గురించిన ఒక శాస్త్రగ్రంథంలో ప్రాచీన ఈజిప్టు ప్రతిమ బొమ్మ ఒకటి ఆయన కంటపడింది. ఆ ముఖంలో తల్లి పోలికలు కనిపించగా, తల్లి గుర్తుకు వచ్చినప్పుడల్లా ఆ పుట తెరిచి చూసుకొనేవాడు. డగ్లస్ ఛాయాచిత్రాలు నేటికి సుమారు నూటఅరవై లభించాయి. పందొమ్మిదో శతాబ్దపు అమెరికనులలో అన్ని ఛాయాచిత్రాలు తీయించుకొన్నవారు మరొకరు లేరని పరిశోధకులు లెక్కతేల్చారు. అటువంటి వ్యక్తికి కన్నతల్లి రూపాన్ని పరాయి ప్రతిమలో వెతుక్కోవలసిన గతి పట్టింది.

1826లో బాలుణ్ణి బాల్టిమోర్ నగరానికి పంపారు. అక్కడ ఆంథొనీ అల్లుడైన థామస్ ఆల్డ్ సోదరుడు హ్యూ ఆల్డ్ ఇంట్లో ఒక చిన్న బాలుణ్ణి కనిపెట్టి ఉండడం అతని పని. హ్యూ భార్య సోఫియా అంతకుముందు బానిసలను ఏలినది కాదు. ఆమె దయతో ఫ్రెడరిక్‌కు అక్షరాలు నేర్పసాగింది. సంగతి తెలిసిన భర్త కోపగించి అడ్డుపడ్డాడు. చదువు నేర్చినవాడు బానిసగా ఉండలేడని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక భార్యకు నిషేధమయింది, విన్న బాలునికి మాత్రం ఉపదేశమయింది. స్వేచ్ఛకు దారి ఏదో యజమాని నోటి నుండే అతనికి తెలిసిపోయింది. నాటి నుండి వీధులే అతని పాఠశాలలు. ఇంట్లో దొరికిన రొట్టెముక్కలు ఆకలిగొన్న శ్వేతజాతి బాలురకు ఇచ్చి, బదులుగా వారిచేత పాఠం చెప్పించుకొన్నాడు. ఓడల కర్మాగారంలో దూలాలపై వడ్రంగులు వేసే గుర్తులు చూసి అక్షరాలు రాయడం నేర్చుకొన్నాడు. సుమారు పన్నెండో ఏట యాభై సెంట్లు కూడబెట్టి ప్రసిద్ధ ప్రసంగాల సంకలనం ఒకటి కొన్నాడు. మహావక్త కాదగినవాడు ఆ పుస్తకంతో తన కంఠానికి తానే శిక్షణ ఇచ్చుకొన్నాడు.

ఇంతలో ఆరన్ ఆంథొనీ మరణించాడు. 1827లో అతని ఆస్తి పంపకానికి వచ్చింది. ఫ్రెడరిక్‌ను బాల్టిమోర్ నుండి వెనుకకు రప్పించారు. గుర్రాలు, పశువులు, పందులతో పాటు స్త్రీ పురుషులను, వృద్ధులను, పసిపిల్లలను వరుసలో నిలబెట్టి వెలకట్టారు. ఎవరు ఎవరి వాటాకు పోతారో, ఎవరు ఎవరికి దూరమవుతారో ఎవరికీ తెలియదు. ఒక్క మాటతో కుటుంబాలు చీలిపోయాయి. ఫ్రెడరిక్ థామస్ ఆల్డ్ వాటాకు వచ్చి తిరిగి బాల్టిమోర్ చేరాడు. అనంతర కాలంలో అక్క శారాను దక్షిణాన ఉన్న మిసిసిపీకి అమ్మివేశారు. అన్న పెర్రీ కాలక్రమంలో టెక్సస్ చేరాడు. చెట్టు కొమ్మలను నరికి తలొక దిక్కుకు విసిరినట్లు బెయిలీ వంశం చెల్లాచెదురయింది.

1833లో థామస్ ఆల్డ్ ఫ్రెడరిక్‌ను సెయింట్ మైకేల్స్ అనే పట్టణానికి పిలిపించుకొన్నాడు. మరుసటి సంవత్సరం ఎడ్వర్డ్ కోవీ అనే రైతుకు అద్దెకిచ్చాడు. లొంగని బానిసలను కొట్టి లొంగదీయడంలో కోవీ పేరుమోసినవాడు. ఆరునెలల పాటు పడిన దెబ్బలకు యువకుని దేహంతో పాటు మనసు కూడా నలిగిపోయింది. చివరకు 1834 ఆగస్టులో ఒక ఉదయం కోవీ మీదపడగా ఫ్రెడరిక్ ఎదురు తిరిగాడు. ఇద్దరి మధ్య పెనుగులాట సుమారు రెండు గంటలు సాగింది. కోవీ గెలవలేకపోయాడు. ఆపై అతనిపై చేయి వేయనూ లేదు. ఆ పోరాటంతో తాను మళ్లీ మనిషినయ్యానని డగ్లస్ భావించాడు. చట్టరీత్యా అతడు ఇంకా బానిసే. మనసులో మాత్రం బానిసత్వం ఆనాటితో అంతరించింది. 1836లో స్నేహితులతో కలిసి పారిపోవడానికి చేసిన ప్రయత్నం ముందే బయటపడి కారాగారం పాలయ్యాడు. తరువాత మళ్లీ బాల్టిమోర్ చేరి, ఓడ పలకల సందులను పీచుతో పూడ్చే పని నేర్చుకొన్నాడు. వారమంతా కష్టించి సంపాదించిన కూలి మాత్రం యజమాని చేతికే చేరేది.

ఆ రోజులలోనే ఆనా మర్రే అనే యువతితో పరిచయమయింది. ఆమె స్వతంత్ర నల్లజాతీయురాలు. ఇళ్లలో పనిచేసి తన కాళ్లపై తాను నిలబడినది. ఫ్రెడరిక్ తప్పించుకోవడానికి కావలసిన ధనంలో కొంత ఆమె కూడబెట్టినదే. అందుకోసం తన ఈకల పరుపును కూడా అమ్మిందని కుటుంబంలో చెప్పుకొనేవారు. 1838 సెప్టెంబరు 3న ఫ్రెడరిక్ నావికుని దుస్తులు ధరించాడు. స్వతంత్రుడైన ఒక నావికుని ధ్రువపత్రం చేతబట్టుకొని రైలెక్కాడు. పత్రంలోని ఆకారవర్ణన అతనికి సరిపోయేది కాదు. తనిఖీ చేసే అధికారి పరిశీలించి చూసినట్లయితే అతని కథ అక్కడితో ముగిసేది. అదృష్టవశాత్తు పైపైన చూసి వదిలివేశాడు. కొంత రైలులో, కొంత పడవలో ప్రయాణించి ఇరవై నాలుగు గంటల లోపే న్యూయార్క్ చేరాడు. డేవిడ్ రగ్గిల్స్ అనే నల్లజాతి ఉద్యమకారుడు ఆశ్రయమిచ్చాడు. ఆనా బయలుదేరి వచ్చింది. సెప్టెంబరు 15న వారి వివాహం జరిగింది.

నూతన దంపతులు మాసచూసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్ రేవుకు వెళ్లారు. పారిపోయిన బానిసను పట్టి అప్పగించే చట్టం దేశమంతటా అమలులో ఉంది. కనుక బెయిలీ అనే ఇంటిపేరును దాచవలసి వచ్చింది. మొదట జాన్సన్ అని మార్చుకొన్నాడు. ఆ ఊరిలో జాన్సన్‌లు లెక్కకు మిక్కిలి. ఆశ్రయమిచ్చిన నేథన్ జాన్సన్ అప్పుడే వాల్టర్ స్కాట్ కావ్యం ఒకటి చదివి, అందులోని వీరుని పేరైన డగ్లస్ బాగుంటుందని సూచించాడు. అలా ఒక కావ్యపాత్ర పేరు ఇంటిపేరయింది. తల్లి పెట్టిన ఫ్రెడరిక్ అనే పేరును మాత్రం ఆయన వదులుకోలేదు. తనదని చెప్పుకోదగినది ఏదో ఒకటి మిగిలి ఉండాలని ఆయన పట్టుదల.

1841లో నాంటకెట్ ద్వీపంలో జరిగిన బానిసత్వ వ్యతిరేక సభలో డగ్లస్ మొదటిసారి పెద్ద సమూహం ఎదుట మాట్లాడాడు. ఉద్యమనాయకుడు విలియం లాయిడ్ గారిసన్ ఆ వాగ్ధాటికి ముగ్ధుడయ్యాడు. నాటి నుండి ఊరూరా ఉపన్యాసాలు సాగాయి. ఇంత చక్కగా మాట్లాడేవాడు బానిసగా ఉండి ఉంటాడా అని కొందరు శంకించారు. ఆ శంకను తీర్చడానికి 1845లో తన జీవితకథను ప్రచురించాడు. అందులో యజమానుల పేర్లు, ఊళ్ల పేర్లు స్పష్టంగా రాశాడు. నిజం నిరూపించుకోవడానికి ఆయన ప్రాణాన్ని పణంగా పెట్టాడనే చెప్పాలి. పుస్తకం చదివిన యజమాని ఏ క్షణాననైనా పట్టించవచ్చు. అందువల్ల డగ్లస్ ఐర్లండ్, ఇంగ్లండు, స్కాట్లండు దేశాలకు వెళ్లి దాదాపు రెండేళ్లు ప్రసంగాలు చేశాడు. అక్కడి మిత్రులు 150 పౌనులు సేకరించి 1846 డిసెంబరులో ఆయనను కొని విముక్తుణ్ణి చేశారు. అప్పటికి ఆయన ఖండాంతర ఖ్యాతి గలవాడు. అయినా చట్టం దృష్టిలో ఆ డబ్బు చెల్లే వరకు ఒక కుటుంబపు ఆస్తి మాత్రమే. ఆ కాలమంతా ఆనా పాదరక్షలు కుడుతూ పిల్లలను పోషించింది.

తిరిగివచ్చిన డగ్లస్ న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ పట్టణంలో స్థిరపడి, 1847 డిసెంబరులో నార్త్ స్టార్ అనే పత్రికను స్థాపించాడు. నార్త్ స్టార్ అంటే ధ్రువనక్షత్రం. చీకటిలో పారిపోయే బానిసలకు ఉత్తరదిక్కును చూపే దీపం అదే. మరుసటి సంవత్సరం సెనెకా ఫాల్స్‌లో మహిళాహక్కుల సభ జరిగినప్పుడు, స్త్రీలకు ఓటుహక్కు ఉండాలనే తీర్మానాన్ని ఆయన గట్టిగా సమర్థించాడు. రోచెస్టర్‌లోని ఆయన ఇల్లు పారిపోయి వచ్చే బానిసలకు విడిదిగా ఉండేది. అర్ధరాత్రి తలుపు తట్టినవారికి ఆనా పొయ్యి వెలిగించి అన్నం పెట్టేది, పడక అమర్చేది. భర్త రాతలు దేశదేశాలలో చదివారు. ఆమెకు మాత్రం చదువు అంతగా అబ్బలేదు. అయినా ఆ కుటుంబానికి, ఆ ఉద్యమానికి ఆమె ఆధారస్తంభంగా నిలిచింది.

ఆ దంపతులకు ఐదుగురు సంతానం. రొసెట్టా, లూయిస్, ఫ్రెడరిక్, చార్లెస్, ఆనీ. పెద్ద కుమార్తె రొసెట్టాను ఒక పాఠశాలలో ఇతర బాలికల నుండి వేరుగా కూర్చోబెట్టి చదివించారు. డగ్లస్ ఊరుకోలేదు. పత్రికాముఖంగా ఎదిరించాడు. రోచెస్టర్ ప్రభుత్వ పాఠశాలలలో వర్ణవివక్ష తొలగాలని ఏళ్ల తరబడి పోరాడి, 1857 నాటికి ఆ మార్పును చూడగలిగాడు. 1859లో జాన్ బ్రౌన్ ఆయుధాగారంపై జరిపిన దాడి విఫలమయింది. ఆయనతో స్నేహం ఉన్నందున డగ్లస్‌ను కూడా నిర్బంధించాలని చూడగా కెనడా మీదుగా ఇంగ్లండు వెళ్లాడు. అక్కడ ఉండగా 1860 మార్చిలో చిన్నకుమార్తె ఆనీ మరణించిందన్న వార్త అందింది. ఆమెకు పదకొండేళ్లయినా నిండలేదు. తల్లి చివరి చూపుకు నోచుకోని కొడుకు, కూతురి చివరి చూపుకు కూడా నోచుకోలేదు. నిర్బంధ భయాన్ని లెక్కచేయక ఆయన ఇంటికి తిరిగి వచ్చాడు.

1861లో అంతర్యుద్ధం మొదలయింది. 1863 జనవరి 1న అధ్యక్షుడు అబ్రహాం లింకన్ విమోచన ప్రకటన చేశాడు. నల్లజాతి యువకులను సైన్యంలో చేరమని డగ్లస్ ఊరూరా ప్రబోధించాడు. పరుల బిడ్డలను పిలిచే ముందు తన బిడ్డలను పంపాడు. లూయిస్, చార్లెస్ ఇద్దరూ మాసచూసెట్స్ 54వ దళంలో చేరారు. ఆ సంవత్సరం జులైలో ఫోర్ట్ వాగ్నర్ కోటపై జరిగిన ఘోరమైన దాడిలో లూయిస్ పాల్గొని ప్రాణాలతో బయటపడ్డాడు. శ్వేతజాతి సైనికునికి నెలకు 13 డాలర్లు ఇస్తుండగా, నల్లజాతి సైనికునికి 10 డాలర్లే నిర్ణయించి, అందులోనూ దుస్తులకని 3 డాలర్లు కోసేవారు. ఈ అన్యాయాన్ని గురించి ఆగస్టులో డగ్లస్ స్వయంగా లింకన్‌ను కలిసి వాదించాడు. మరుసటి సంవత్సరం సమాన వేతనానికి చట్టం వచ్చింది. 1865లో పదమూడో రాజ్యాంగ సవరణ ద్వారా దేశమంతటా బానిసత్వం రద్దయింది.

దేశానికి స్వేచ్ఛ రాగానే డగ్లస్ మనసు చెదిరిన తన వంశం వైపు మళ్లింది. 1864 నవంబరులో మేరీలాండ్ రాష్ట్రం బానిసత్వాన్ని రద్దుచేసిన వెంటనే ఆయన బాల్టిమోర్‌కు వెళ్లాడు. అక్కడ అక్క ఎలైజా తమ్ముణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. వారు కలిసి సుమారు ముప్పై సంవత్సరాలయింది. 1867లో మరొక వార్త వచ్చింది. టెక్సస్ నుండి అన్న పెర్రీ భార్యాబిడ్డలతో తమ్ముణ్ణి వెదుక్కుంటూ వచ్చాడు. విడిపోయేనాటికి బాలురు. కలిసేనాటికి ఇద్దరి తలలూ నెరిశాయి. డగ్లస్ తన ఇంటి ఆవరణలోనే అన్న కుటుంబానికి చిన్న ఇల్లు కట్టించాడు. తమ్ముడు లోకమంతా తిరిగినవాడు. అన్న జీవితమంతా పొలాలలో చాకిరీ చేసి చదువెరుగక మిగిలినవాడు. ఒకే తల్లి బిడ్డలలో ఇంతటి అంతరానికి కారణం ప్రతిభ కాదని, అవకాశమేనని డగ్లస్ గ్రహించాడు. తనకు లభించిన వెలుగు లక్షలాదిమందికి దక్కలేదన్న ఆ బాధ ఆయనను విశ్రమించనివ్వలేదు.

1877లో డగ్లస్ మరొక ప్రయాణం చేశాడు. ఈసారి వెళ్లినది ఒకనాటి యజమాని థామస్ ఆల్డ్ దగ్గరకు. అప్పటికి డగ్లస్ రాజధానీ ప్రాంతానికి మార్షల్ అనే ఉన్నత పదవిలో ఉన్నాడు. ఆల్డ్ మరణశయ్యపై ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని కంటతడి పెట్టారు. వృద్ధురాలైన అమ్మమ్మను ఆల్డ్ అడవిలో దిక్కులేకుండా వదిలివేశాడని డగ్లస్ గతంలో తీవ్రంగా రాశాడు. నిజానికి ఆమె ఆల్డ్ వాటాకు వచ్చినది కాదు. అయినా ఆల్డ్ ఆమెను తన దగ్గరకు రప్పించి చివరి వరకు చూశాడు. ఈ విషయంలో తాను పొరపాటు పడినట్లు డగ్లస్ నిస్సంకోచంగా ఒప్పుకొన్నాడు. అన్యాయాన్ని ఎదిరించేటప్పుడు కూడా అసత్యాన్ని ఆశ్రయించరాదన్నది ఆయన నియమం. తరువాత చాలాకాలంగా మనసులో ఉన్న ప్రశ్న అడిగాడు. తన వయసు ఎంత? తేదీ తెలియదు గాని 1818 ఫిబ్రవరి అయి ఉంటుందని ఆల్డ్ చెప్పాడు. డగ్లస్ అంతవరకు తాను 1817లో పుట్టానని అనుకొంటూ వచ్చాడు. అందుచేత ఆ మాటను పూర్తిగా నమ్మలేకపోయాడు.

మరుసటి సంవత్సరం టకహో ఏటి ఒడ్డుకు వెళ్లి అమ్మమ్మ గుడిసె ఉన్న చోటును వెతికాడు. గుడిసె లేదు. ఒక దేవదారు చెట్టు ఆధారంగా ఆ స్థలాన్ని పోల్చుకొని, అక్కడి మట్టిని చేతులతో తీసి వెంట తెచ్చుకొన్నాడు. వాషింగ్టన్ నగరంలోని అనకోస్టియా ప్రాంతంలో ఆయన కొన్న భవనం పేరు సీడార్ హిల్. కొండమీది ఆ భవనపు ఆవరణకు గుడిసెలోని మట్టి చేరింది. 1882లో ఆనా మరణించింది. 1884లో ఆయన హెలెన్ పిట్స్ అనే శ్వేతజాతి మహిళను వివాహమాడగా ఇరు కుటుంబాలలోనూ అసంతృప్తి చెలరేగింది. ఆయన సొంత బిడ్డలు కూడా హర్షించలేదు. మనుషులను రంగును బట్టి వేరుచేయరాదని జీవితమంతా చెప్పిన మాటను ఆయన తన ఇంట్లోనూ నిలబెట్టుకొన్నాడు. 1889 నుండి 1891 వరకు హైతీ దేశంలో అమెరికా ప్రతినిధిగా పనిచేశాడు.

వయసు మీదపడినా పుట్టినరోజు చింత తీరలేదు. మరణానికి సుమారు ఒక సంవత్సరం ముందు కూడా ఆల్డ్ వంశీయుణ్ణి కలిసి విచారించడానికి బాల్టిమోర్ వెళ్లాడు. నిశ్చయమైన సమాధానం దొరకలేదు. అల్లపు కేకు ఇచ్చిన రాత్రి తల్లి తనను వాలెంటైన్ అని ముద్దుగా పిలిచిందన్న జ్ఞాపకం మాత్రం ఉంది. ఆ జ్ఞాపకాన్నే ప్రమాణంగా తీసుకొని ఫిబ్రవరి 14ను పుట్టినరోజుగా పాటించాడు. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో జరిగిన మహిళల జాతీయ సభకు హాజరై ఇంటికి వచ్చిన సాయంత్రం హఠాత్తుగా కన్నుమూశాడు. రోచెస్టర్‌లో ఆయన భౌతికకాయాన్ని ఖననం చేశారు.

ఆయన వెతికిన సమాధానం ఆయన పోయిన ఎనభై ఐదేళ్లకు లోకానికి తెలిసింది. మేరీలాండ్ వాసి డిక్సన్ ప్రెస్టన్ అనే రచయిత పాత దస్తావేజులను పరిశోధించి 1980లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఆరన్ ఆంథొనీ తన బానిసల జననాలను ఒక ఖాతా పుస్తకంలో రాసి ఉంచాడు. అందులో హ్యారియట్ కుమారుడు ఫ్రెడరిక్ అగస్టస్ జననం 1818 ఫిబ్రవరి అని ఉంది. ఆల్డ్ చెప్పినదే నిజమయింది. హ్యారియట్ 1792లో, బెట్సీ 1774లో జన్మించినట్లు, బెట్సీ తల్లి పేరు జెన్నీ అయినట్లు కూడా ఆ పత్రాల వల్ల తెలిసింది. ఆస్తిని లెక్కపెట్టుకోవడానికి యజమాని రాసుకొన్న పుస్తకమే చివరకు ఒక వంశానికి వంశవృక్షంగా మారింది. అయితే ఆ పుస్తకంలో కూడా తేదీ లేదు. యజమానికి నెల చాలు. తేదీ కావలసినది కన్నవారికి, కన్నబిడ్డకు మాత్రమే.

డగ్లస్ తరువాతి తరాలు వర్ధిల్లాయి. చార్లెస్ కుమారుడైన జోసెఫ్ డగ్లస్ ప్రసిద్ధ వయొలిన్ విద్వాంసుడయ్యాడు. తండ్రి ఎడబాటుల నడుమ తల్లి పడిన శ్రమను రొసెట్టా అక్షరబద్ధం చేసింది. పిల్లలతో సరిపడకపోయినా హెలెన్ పట్టుదలతో సీడార్ హిల్ భవనాన్ని కాపాడింది. అది తరువాత జాతీయ స్మారకమయింది. 1926లో చరిత్రకారుడు కార్టర్ వుడ్సన్ నల్లజాతి చరిత్ర వారోత్సవాన్ని ప్రారంభించాడు. అందుకు లింకన్, డగ్లస్‌ల పుట్టినరోజులు వచ్చే ఫిబ్రవరి రెండో వారాన్ని ఎంచుకొన్నాడు. ఆ వారమే కాలక్రమంలో ఫిబ్రవరి మాసమంతా జరిగే ఉత్సవంగా విస్తరించింది. చీకటిలో పన్నెండు మైళ్లు నడిచి వచ్చిన ఒక తల్లి, నిద్రకళ్ల బిడ్డను పిలిచిన ముద్దుపేరు నుండి పుట్టిన తేదీ ఒక జాతి పండుగకు ముహూర్తమయింది. ఏ ఖాతా పుస్తకమూ రాయని తేదీని ఒక కొడుకు తన జీవితంతో రాసుకొన్నాడు.